తాళం పడుతున్నది దొంగకా, ఇంటివాడికా?

సంపాదకులకు నమస్కారం.

ఆన్‌లైన్ మోసాల మీద వార్త వచ్చిన ప్రతిసారీ చివర్లో ఒక సలహా కనిపిస్తుంది, పాస్‌వర్డ్ మూడుసార్లు తప్పు కొడితే అకౌంట్ లాక్ అయిపోవాలని. నేను ఒక ఇంజినీరింగ్ కాలేజీలో నెట్‌వర్క్ పని చూస్తాను, లాక్ అయిన అకౌంట్లు తెరిచి ఇవ్వడం నా మామూలు పనుల్లో ఒకటి. నా దగ్గరికి వచ్చేవాళ్లు దాదాపు అందరూ ఆ అకౌంట్ సొంతదారులే, దొంగల వల్ల లాక్ అయినవి ఎప్పుడో గానీ తగలవు. అందుకే ఈ సలహా మీద నాలుగు మాటలు రాయాలనిపించింది.

ఏటీఎంలో మూడుసార్ల లెక్కకి అర్థం ఉంది. పిన్‌లో నాలుగంకెలైతే మొత్తం 10,000 రకాలే, పైగా కార్డు చేతిలో లేకపోతే ప్రయత్నించడమే కుదరదు. సిమ్ పిన్ కూడా అంతే. వెబ్‌సైట్ లాగిన్‌కి చేతిలో ఏదీ ఉండక్కర్లేదు, యూజర్‌నేమ్ తెలిస్తే చాలు. మరి మన దగ్గర యూజర్‌నేమ్ అంటే ఏంటి? రోల్ నంబరు, హాల్ టికెట్ నంబరు, ఉద్యోగి ఐడీ, లేదంటే మొబైల్ నంబరు! రోల్ నంబర్లు వరసగానే ఉంటాయి, నోటీసు బోర్డు మీద మనమే అతికిస్తాం. ఫీజు కట్టడానికి ఆఖరి రోజు ఎవడో ఆకతాయి కూర్చుని అందరి నంబర్లకీ మూడేసి తప్పు పాస్‌వర్డ్లు కొట్టుకుంటూ పోతే క్లాసు క్లాసంతా బయటే, అందుకు వాడికి హ్యాకింగ్ ఒక్క ముక్క కూడా రానక్కర్లేదు. 2008 చివర్లో వచ్చిన కాన్‌ఫికర్ వైరస్ కూడా ఆఫీసు నెట్‌వర్కుల్లో పాస్‌వర్డ్లు ఊహించి కొడుతూ, దొరికినా దొరక్కపోయినా ఉద్యోగుల అకౌంట్లు మాత్రం గుట్టలుగా లాక్ చేయించింది.

పోనీ అసలు దొంగనైనా ఆపుతుందా అంటే, తెలివైనవాడిని ఆపదు. వాడు ఒకే అకౌంట్ మీద వెయ్యి పాస్‌వర్డ్లు ప్రయత్నించడు, ఒకే పాస్‌వర్డ్‌ని వెయ్యి అకౌంట్ల మీద వేసి చూస్తాడు, ఒక్కోదానికి ఒకటో రెండో తప్పులు, ఏదీ లాక్ అవదు. పాస్‌వర్డ్ స్ప్రే అంటారు దీన్ని. 2023 నవంబరు చివర్లో మొదలుపెట్టి మైక్రోసాఫ్ట్ పై అధికారుల ఈమెయిళ్లు చదివేసిన రష్యా ప్రభుత్వ బృందం లోపలికి వచ్చింది ఈ దారినే. పాత టెస్ట్ అకౌంట్ ఒకటి, దానికి ఓటీపీ లాంటి రెండో తనిఖీ లేదు, ప్రయత్నాలు తక్కువగా చేసి లాక్ పడకుండా జాగ్రత్తపడ్డారని 2024 జనవరిలో ఆ కంపెనీయే చెప్పింది.

ఇంతకీ మా కాలేజీలో ఎక్కువ లాక్‌లకి కారణం ఏంటో తెలుసా? పాస్‌వర్డ్ మార్చుకున్న లెక్చరర్ గారి జేబులో ఫోను. కాలేజీ వైఫైకీ అదే అకౌంట్, ఫోనేమో పాత పాస్‌వర్డ్ దాచుకుని ఉంటుంది, ఆయన క్లాసు చెబుతున్నంతసేపూ అది మానకుండా కొడుతూనే ఉంటుంది, తెరిచి ఇస్తే మళ్లీ లాక్. ఆయనకి టెన్షన్, నాకు చీవాట్లు.

లాక్ పూర్తిగా తీసేయమని అనడం లేదు. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2017 మార్గదర్శకాల్లో ఒక అకౌంట్‌కి వరసగా 100 తప్పుల వరకు పైపరిమితి ఇచ్చింది, మనమేమో మూడు దగ్గరే ఉన్నాం. లినక్స్ కంప్యూటర్లలో ఇలా లాక్ వేసే ఫెయిల్‌లాక్ అనే భాగం మామూలుగా మూడు తప్పులకే ఆపుతుంది, నిజమే, కానీ 600 సెకన్లు కాగానే దానంతటదే వదిలేస్తుంది. ఆఫీసుల్లో అందరి అకౌంట్లనీ ఒకేచోట నడిపే విండోస్ యాక్టివ్ డైరెక్టరీలో లాక్ సమయం దగ్గర సున్నా పెట్టారంటే మాత్రం అడ్మిన్ వచ్చి తెరిచేదాకా అంతే సంగతులు, అలా పెట్టేవాళ్లని ఏమనాలో నాకు తెలియదు. మైక్రోసాఫ్ట్ క్లౌడ్ లాగిన్‌లో పద్ధతి ఇంకా నయం. పది తప్పులకి ఒక నిమిషం ఆపుతుంది, మళ్లీ మళ్లీ తప్పులు వస్తుంటే ఆ సమయం పెంచుతుంది, అదే తప్పు పాస్‌వర్డ్ పదేపదే వస్తే కొత్త తప్పుగా లెక్కపెట్టదు, అలవాటైన చోటి నుంచి వచ్చే ప్రయత్నాలకి ఒక లెక్క, కొత్త చోటి నుంచి వచ్చేవాటికి వేరే లెక్క.

తప్పులు వస్తున్న ఐపీ అడ్రస్‌ని, అంటే ఇంటర్నెట్‌లో ఆ కనెక్షన్‌కి ఉండే నంబరుని, బ్లాక్ చేస్తే సరిపోదా అని కొందరు అడుగుతారు. మొబైల్ డేటాలో ఒకే ఐపీ వెనక ఎంతోమంది ఉంటారు, ఒకడి కోసం అందరినీ ఆపినట్టవుతుంది.

మన రెండు రాష్ట్రాల్లో పోర్టళ్లు నడిపే శాఖలకి, యూనివర్సిటీలకి మీ పత్రిక ద్వారా అడిగేది ఇది. యూజర్‌నేమ్‌గా రోల్ నంబరు పెట్టడం మానండి, మానలేకపోతే ఓటీపీ లాంటి రెండో తనిఖీ పెట్టి తప్పుల పరిమితి పదికి పెంచండి. లాక్ దానంతటదే తెరుచుకోవాలి, హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేయించొద్దు, ఎందుకంటే అవతల ఎవరున్నారో చూడకుండా ఫోన్‌లోనే పాస్‌వర్డ్ మార్చేసి చెప్పే హెల్ప్‌లైన్లు ఉన్నాయి, అది ఇంకో పెద్ద కన్నం. ‘మీ ఖాతా నిలిపివేయబడింది’ అని ఎర్ర అక్షరాలతో బెదిరించే బదులు ఎన్ని నిమిషాలు ఆగాలో అక్కడే రాయండి.

ఇట్లు,
ఒక కాలేజీ నెట్‌వర్క్ ఉద్యోగి,
విజయవాడ