మామ్మగార్లకు జత కావాలి: ఈ ఆదివారం

అందరికీ నమస్కారం. మన బెంగళూరు పిల్లలకి తెలుగు మాట వచ్చు, రాత రాదు. తాతగారు పోయాక తలుపు తీయని బి బ్లాక్ మామ్మగారు ఇప్పుడు పదో తరగతి అబ్బాయికి గుణింతాలు దిద్దిస్తున్నారు! అలాంటి జతలు ఇంకా కావాలి: మామ్మగారు తెలుగు రాత నేర్పుతారు, పిల్లలు ఫోన్ పనుల్లో సాయం చేస్తారు.

ఆదివారం సాయంత్రం 4కి, క్లబ్‌హౌస్. శనివారంలోగా ఇక్కడే పేరివ్వండి.

పిల్లలూ, మొదటి పని నవంబరు పెన్షన్ లైఫ్ సర్టిఫికెట్ (పెన్షన్ ఆగకుండా ఏటా ఇచ్చే, బతికున్నామన్న రుజువు). ఫోన్‌కి మామ్మగారి ముఖం చూపించి చేస్తాం. ఆధార్ ఫేస్ ఆర్‌డీ, జీవన్ ప్రమాణ్ యాప్‌లు రెండూ వేసుకు రండి. మామ్మగారిని కిటికీకి వీపు పెట్టి కూర్చోబెట్టకండి, ముఖం చీకటై ఫెయిలవుతుంది. ఓటీపీలు తాతగారి సిమ్‌కే వస్తుంటే, నంబరు మార్చేదాకా రీఛార్జ్ ఆపొద్దు. ఓటీపీ మామ్మగారే కొట్టాలి.

తాతగారి మాటొస్తే టాపిక్ మార్చకండి, వినండి. ఇయర్‌ఫోన్లు ఇంట్లోనే!