డీఎన్‌ఏ రిపోర్టు పక్కన పురుగు కూడా ఉండాలి

సంపాదకులకు నమస్కారం.

ఒక చెంచాడు నీళ్లు తీసి పరీక్షిస్తే ఆ కుంటలో ఏయే జీవులున్నాయో డీఎన్‌ఏ చెప్పేస్తుందని, జీవుల్ని పట్టి మైక్రోస్కోప్ కింద పెట్టి చూసే పని ఇక పాతబడిందని మీ సైన్స్ పేజీలో వచ్చిన వ్యాసం చదివాను. మొదటి మాటలో చాలా నిజం ఉంది. 2008లో ఫ్రాన్స్‌లో కుంటల నీళ్లను పరీక్షించి బుల్‌ఫ్రాగ్ కప్పలు ఉన్నాయో లేవో చెప్పగలిగారు. కానీ ఆ రెండో మాట చూశాక ఊరుకోలేకపోయాను.

నేను జంతుశాస్త్రం చెబుతాను. నా సొంత పరిశోధన కైరోనోమిడ్ ఈగల మీద. చూడటానికి దోమల్లాగే ఉంటాయి, కుట్టవు. వాటి లార్వాలు, అంటే పిల్ల దశలోని పురుగులు, నీటి అడుగు బురదలో పెరుగుతాయి. కొన్నిటి ఒంట్లో హిమోగ్లోబిన్ ఉండటం వల్ల ఎర్రగా ఉంటాయి. అక్వేరియం చేపలకు మేతగా వేసే ఎర్ర పురుగులు ఇవే. ఆక్సిజన్ బాగా తగ్గిన బురదలో కొన్ని జాతులు బతుకుతాయి, కొన్ని బతకలేవు. అందుకే అక్కడ ఉన్నది ఏ జాతో తెలిస్తే ఆ నీటి సంగతి చాలావరకు తెలిసినట్టే.

ఆ జాతి తేల్చడమే కష్టం. పూర్తిగా ఎదిగిన ఈగల్లో మగవాటి జననాంగాల ఆకారం చూసి పోల్చుకుంటాం. ఆడ ఈగ దొరికితే చాలాసార్లు ప్రజాతి, అంటే దగ్గరి జాతుల గుంపు, పేరు దగ్గరే ఆగిపోవాలి. లార్వా అయితే తలను వేరు చేసి, స్లైడ్ మీద సరిగ్గా పరిచి, నోటి దగ్గరి పళ్ల వరసను లెక్కపెట్టాలి. అది కొంచెం పక్కకి ఒరిగినా స్లైడ్ పనికిరాదు. అంత చేసినా జాతి పేరు దాకా వెళ్లలేని లార్వాలే ఎక్కువ. అలాంటి చోట డీఎన్‌ఏ మాకు పెద్ద మేలు చేసింది. లార్వాలో ఉన్న డీఎన్‌ఏ అక్షరాల వరసే మగ ఈగలోనూ కనిపిస్తే, ఆ లార్వా ఎవరి పిల్లో తేలిపోతుంది. కాబట్టి నేను డీఎన్‌ఏకి వ్యతిరేకంగా రాయడం లేదు. రోజూ దాన్ని వాడే మనిషిగానే రాస్తున్నాను.

2003లో కెనడాలోని గ్వెల్ఫ్ యూనివర్సిటీకి చెందిన పాల్ హెబర్ట్ బృందం, జంతువుల కణాల్లో శక్తిని తయారుచేసే మైటోకాండ్రియాలో ఉండే సీఓఐ అనే జన్యువులో సుమారు 650 అక్షరాల ముక్కను గుర్తింపు కార్డులా వాడవచ్చని ప్రతిపాదించింది. మరుసటి ఏడాది కోస్టారికా నుంచి వచ్చిన ఫలితం చాలామందికి గుర్తుండే ఉంటుంది. 1775 నుంచి ఒకే జాతి అనుకుంటున్న సీతాకోకచిలుకలో కనీసం పది జాతులు దాగి ఉన్నాయని తేలింది. ఆ వార్తలో ఎప్పుడూ వెనక్కి వెళ్లిపోయే సంగతి ఒకటుంది. డేనియల్ జాన్‌జెన్, విన్నీ హాల్‌వాక్స్ అనే శాస్త్రవేత్త దంపతులు పాతికేళ్ల పాటు అక్కడి గొంగళిపురుగుల్ని పెంచి, ఏది ఏ మొక్క తింటుందో, ఏది ఏ రంగులో ఉంటుందో రాసి పెట్టుకున్నారు. డీఎన్‌ఏ వరసల్లో కనిపించిన గుంపులు వేర్వేరు జాతులేనని గట్టిగా చెప్పగలిగింది ఆ పుస్తకాల వల్లే.

ఇక నా అనుభవం. ఒకసారి ఒక ల్యాబ్‌కి మా లార్వాలు పంపితే, రిపోర్టులో ఒక జాతి పేరు నిక్కచ్చిగా అచ్చువేసి పంపారు. అది మంచు కురిసే ప్రాంతాల జాతి, మేము పట్టింది వేడి నీటి మడుగులో! వివరాలు అడిగితే అప్పుడు చెప్పారు, పోలిక 91 శాతమేనని. ఈ జన్యువు విషయంలో ఒకే జాతి అనాలంటే సాధారణంగా 97, 98 శాతం పైన ఉండాలని చూస్తాం. అసలు మా జాతి వరస డేటాబేస్‌లోనే లేదు. లేనప్పుడు కంప్యూటర్ ఊరుకోదు, ఉన్నవాటిలో దగ్గరి చుట్టం పేరు చూపిస్తుంది. వేలిముద్ర దొరికినంత మాత్రాన దొంగ దొరికినట్టు కాదు కదా, ఆ ముద్ర ఎవరిదో రికార్డులో ఉండాలి. ఇక్కడ ఆ రికార్డు రాయాల్సింది జీవిని చూసి పేరు చెప్పగల మనిషే. ఆ మనిషి తప్పు పేరు రాసి డేటాబేస్‌లో పెడితే, ఆ తప్పు తర్వాతి రిపోర్టులన్నిటిలోకీ పాకుతుంది.

స్కాట్ బేకర్, స్టీఫెన్ పలుంబి అనే శాస్త్రవేత్తలు జపాన్ మార్కెట్లలో అమ్మే తిమింగలం మాంసం నుంచి హోటల్ గదిలోనే డీఎన్‌ఏ నకళ్లు తీసి, వాటిని పరీక్షించి, 1994లో వేటాడకూడని జాతుల మాంసమూ అందులో ఉందని బయటపెట్టారు. గొప్ప పని. పోల్చి చూడటానికి పేరు తెలిసిన తిమింగలాల డీఎన్‌ఏ ముందే ఉండబట్టే అది కుదిరింది. పురుగుల్లో చాలావాటికి ఆ భాగ్యం లేదు. పైగా నీటిలో దొరికిన డీఎన్‌ఏ బతికున్న జీవిదో చచ్చినదానిదో చెప్పదు. ప్రవాహంలో పైనుంచి కొట్టుకొచ్చిందేమో కూడా చెప్పదు. మైటోకాండ్రియా తల్లి నుంచే వస్తుంది కాబట్టి రెండు జాతులు కలిసి పుట్టినవాటిలో తండ్రి జాడ అసలు కనిపించదు.

మావాళ్లకి నేను చెప్పేది ఒక్కటే, జీవిని పారేయొద్దని. ఎదిగిన ఈగకి ఒక కాలు చాలు డీఎన్‌ఏ తీయడానికి. లార్వాని ఎంజైమ్ ద్రావణంలో ఉంచితే లోపలి కండ కరిగి డీఎన్‌ఏ బయటికొస్తుంది, తల, పైపొర చెక్కుచెదరవు. ఆ మిగిలినదాన్నే స్లైడ్ చేసి నంబరు వేసి దాచవచ్చు. ఫార్మలిన్‌లో వేస్తే డీఎన్‌ఏ పాడవుతుంది కాబట్టి పట్టిన వెంటనే ఆల్కహాల్‌లో వేయాలి. రేపు పేరు మీద అనుమానం వస్తే తీసి చూడటానికి అసలు జీవి మిగిలి ఉంటుంది.

నన్ను నిజంగా బాధపెడుతున్నది పిల్లల సంగతి. ఈగల్ని చూసి ఇష్టపడి వచ్చిన విద్యార్థులు కూడా ఏడాది తిరక్కుండా డీఎన్‌ఏ వరస చదివే సీక్వెన్సింగ్ వైపు వెళ్లిపోతున్నారు. వాళ్లని తప్పుపట్టలేను. జీవుల్ని గుర్తుపట్టడం వచ్చినవాళ్లకి ఉద్యోగ ప్రకటన పడితే కదా! మీ పత్రికలాంటివి ఆ పని పాతబడిందని రాస్తే ఆ కొద్దిమందికీ టెన్షన్ పట్టుకుంటుంది.

అందుకే ఒక విన్నపం. ఇకమీదట డీఎన్‌ఏతో కొత్త జాతి దొరికిందనో, ఫలానా జీవి ఫలానా నీటిలో ఉందనో వార్త వేసేటప్పుడు మీ విలేకరుల చేత మూడు ప్రశ్నలు అడిగించండి: పోలిక ఎంత శాతం, ఆ జీవిని ఎక్కడ భద్రపరిచారు, పేరు పెట్టింది ఎవరు. జవాబు వస్తే అది కూడా వార్తలోనే వేయండి.

ఇట్లు,
ఒక జంతుశాస్త్ర అధ్యాపకురాలు