బ్యాటరీ మార్చగానే కౌంటర్ సున్నాకి వచ్చేస్తే ఏఈఎస్ ఉండి ఏం లాభం?

సంపాదకులు గారికి నమస్కారం.

స్మార్ట్ సెన్సర్ల గురించి ఈమధ్య పత్రికల్లో బాగానే రాస్తున్నారు, సంతోషం. కానీ భద్రత దగ్గరికి వచ్చేసరికి ఎక్కడ చూసినా "ఇందులో ఏఈఎస్ 128 ఎన్‌క్రిప్షన్ ఉంది కాబట్టి భయపడక్కర్లేదు" అనే ఒక్క ముక్కతో సరిపెడుతున్నారు. ఏఈఎస్ అంటే రహస్య కీతో సమాచారాన్ని ఇతరులు చదవలేని రూపంలోకి మార్చే పద్ధతి. బ్యాటరీ మీద నడిచే ఈ చిన్న వైర్‌లెస్ సెన్సర్ నోడ్లకి ఫర్మ్‌వేర్ (లోపల నడిచే ప్రోగ్రామ్) రాయడమే నా ఉద్యోగం, ఆ ముక్క చదివినప్పుడల్లా నాకు టెన్షన్ వస్తుంది. ఏఈఎస్ గట్టిదే, అందులో అనుమానం లేదు. తిప్పలన్నీ దాన్ని వాడే తీరుతోనే.

నా బల్ల మీద జరిగింది చెప్తాను. ఒక టెంపరేచర్ నోడ్‌ని టెస్ట్ చేస్తూ, పక్కన స్నిఫర్ పెట్టి గాలిలో పోయే ప్యాకెట్లన్నీ (రేడియో సందేశాలన్నీ) పట్టుకుంటున్నాను. మధ్యలో బ్యాటరీ మార్చాను. నోడ్ మళ్ళీ లేచి 0, 1, 2 అంటూ, పంపే ప్యాకెట్లని లెక్కపెట్టే కౌంటర్‌ని మొదటినుంచి మొదలుపెట్టింది. ఈ నోడ్లు వాడే రేడియో స్టాండర్డ్ ఐఈఈఈ 802.15.4లో ప్రతి ప్యాకెట్‌నీ ఎన్‌క్రిప్ట్ చేయడానికి 13 బైట్ల నాన్స్ (ఒక్కసారే వాడాల్సిన సంఖ్య) ఒకటి వాడతారు, అందులో పంపే నోడ్ అడ్రస్ 8 బైట్లు, ఫ్రేమ్ (ప్యాకెట్) కౌంటర్ 4, సెక్యూరిటీ లెవెల్ 1. ఒకే కీతో ఒక నాన్స్‌ని రెండోసారి వాడకూడదు, మొత్తం భద్రతకి ప్రాణం ఆ నియమమే. అడ్రస్ మారదు, లెవెల్ మారదు, మారాల్సిందల్లా కౌంటరే, అదే వెనక్కి వెళ్ళిపోయింది. బ్యాటరీ తీయకముందు 7వ నంబరుతో వచ్చిన ప్యాకెట్‌నీ, తీశాక అదే 7తో వచ్చిన ప్యాకెట్‌నీ తీసుకుని రెండిటినీ ఎక్సార్ చేశాను (బిట్టుకి బిట్టు పోల్చే లెక్క), నాన్స్ ఒకటే కాబట్టి ఎన్‌క్రిప్షన్ పొర రెండింట్లోంచీ కొట్టుకుపోయింది. మొదటి రీడింగ్ ఎంతో ముందే రాసిపెట్టుకున్నాను కాబట్టి రెండోది కీ ముట్టుకోకుండానే బయటపడింది. నా చేతులతో నేనే రాసిన కోడ్ అది. ఆ రాత్రి నిద్రపట్టలేదు.

రిసీవర్ మాత్రం తన పని తాను సరిగ్గానే చేసింది, పాత కౌంటర్ అని ఆ ప్యాకెట్లని పక్కన పడేసింది. అయితే గాలిలోకి వెళ్ళిపోయిన ప్యాకెట్లని వెనక్కి తీసుకోలేం కదా, వినేవాడు వినేశాడు. పైగా సైట్‌లో ఉన్న టెక్నీషియన్‌కి ఇదంతా తెలియదు, సెన్సర్ పనిచేయట్లేదని రీప్లే చెక్‌నే (పాత కౌంటర్ ప్యాకెట్లని వద్దనే తనిఖీని) ఆఫ్ చేసేస్తాడు, అప్పటినుంచి ఎవరో రికార్డు చేసి మళ్ళీ వదిలిన పాత ప్యాకెట్‌ని కూడా రిసీవర్ నమ్ముతుంది.

ఇదేమీ కొత్తగా బయటపడ్డ సంగతి కాదు, నా బాధంతా అదే. ఈ స్టాండర్డ్ 2003లో వచ్చింది. 2004లోనే నవీన్ శాస్త్రి, డేవిడ్ వాగ్నర్ అనే ఇద్దరు పరిశోధకులు, పవర్ పోతే నాన్స్ లెక్క చెరిగిపోతుందనీ, డేటాని ఎవరైనా మార్చారా లేదా అని చూడకుండా ఉత్తి ఎన్‌క్రిప్షన్ చేసే మోడ్‌ని తీసేయాలనీ స్పష్టంగా రాశారు. 2006 సవరణలో పాత పద్ధతుల బదులు సీసీఎం స్టార్ (ఎన్‌క్రిప్షన్‌నీ, మార్పుల తనిఖీనీ కలిపి చేయగల పద్ధతి) వచ్చింది గానీ, ఉత్తి ఎన్‌క్రిప్షన్ లెవెల్ అందులోనూ మిగిలిపోయింది. అప్పట్లో ఫ్రేమ్ మొత్తం 127 బైట్లే, భద్రతకి ఇచ్చే ప్రతి బైటూ డేటాలోంచి కోత పెట్టాల్సిందే, ఆ ఇబ్బంది నాకూ తెలుసు. అంతమాత్రాన ప్రమాదకరమైన సెట్టింగ్‌ని "ఆప్షనల్" అని వదిలేస్తే, గడువు తరుముతున్న ఇంజనీరు దాన్నే ఎంచుకుంటాడు.

ప్యాకెట్ అందిందని రిసీవర్ తిరిగి పంపే అక్‌నాలెడ్జ్‌మెంట్ (అక్) సంగతి ఇంకా ఘోరం. మామూలు అక్ ఫ్రేమ్ మొత్తం 5 బైట్లు. రెండు ఫ్రేమ్ కంట్రోల్‌కి, ఒకటి సీక్వెన్స్ నంబర్‌కి, రెండు చెక్‌సమ్‌కి (దారిలో పొరపాటు పడిందా అని చూసే లెక్క). ఎవరు పంపారో చెప్పే అడ్రస్ లేదు, కీ ప్రసక్తే లేదు. పొగ సెన్సర్ "పొగ వస్తోంది" అని పంపిందనుకోండి. ఎవరో రిసీవర్‌కి అది అందకుండా జామ్ చేసి, అదే సీక్వెన్స్ నంబరుతో దొంగ అక్ వదిలితే సెన్సర్ కబురు అందిందనుకుని నిద్రపోతుంది, అలారం మోగదు. 2012లో వచ్చిన సవరణతో భద్రత ఉన్న అక్ పంపడానికి దారి ఏర్పడింది, కానీ ఈ పాత రకం అక్‌ని స్టాండర్డ్ వదిలిపెట్టలేదు.

కీల విషయంలోనూ ఇదే అలసత్వం. జిగ్బీ అనే స్మార్ట్ పరికరాల వైర్‌లెస్ పద్ధతిలో కొత్త పరికరాన్ని నెట్‌వర్క్‌లో కలపడానికి చాలాకాలం వాడిన డిఫాల్ట్ కీ "జిగ్బీ అలయన్స్ 09", లోకమంతటికీ తెలిసినది. అలాంటిదే అయిన జీ-వేవ్‌లో పాత ఎస్0 భద్రతా పద్ధతిలోనైతే నెట్‌వర్క్ కీని కొత్త పరికరానికి ఇచ్చేటప్పుడు వాడే తాత్కాలిక కీ 16 బైట్లూ సున్నాలే. జత చేసే ఆ కొన్ని క్షణాలు పక్కన ఎవరైనా వింటూ ఉంటే మొత్తం నెట్‌వర్క్ వాళ్ళ చేతిలో ఉన్నట్టే. 2017 నుంచి జీ-వేవ్ సర్టిఫికేషన్‌కి కొత్త భద్రతా పద్ధతి ఎస్2ని తప్పనిసరి చేశారు, దాన్ని మెచ్చుకోవాల్సిందే.

కంపెనీలని అడిగితే కౌంటర్‌ని ప్రతిసారీ ఫ్లాష్‌లో (పవర్ పోయినా చెరగని మెమరీలో) రాస్తే ఫ్లాష్ అరిగిపోతుంది అంటారు. ప్రతిసారీ రాయక్కర్లేదండీ. ముందుగానే వెయ్యి అంకెలు రిజర్వు చేసి పై హద్దుని ఫ్లాష్‌లో రాసుకోవాలి, ఆ హద్దు వచ్చాక ఇంకో వెయ్యి తీసుకోవాలి, నోడ్ రీస్టార్ట్ అయినప్పుడు రాసిపెట్టిన హద్దు నుంచే మొదలుపెట్టాలి. కౌంటర్ 32 బిట్లు, మధ్యలో కొన్ని వందలు వృథా అయినా నష్టం లేదు. నేను దీన్ని ఒక్క మధ్యాహ్నంలో రాశాను, బ్యాటరీ ఆయుష్షులో తేడా ఏమీ కనిపించలేదు.

అందుకే మీ ద్వారా స్టాండర్డ్‌లు రాసేవాళ్ళనీ, సర్టిఫికెట్లు ఇచ్చేవాళ్ళనీ కోరుతున్నాను: బ్యాటరీ పీకి మళ్ళీ పెట్టి కౌంటర్ చూసే పరీక్షని తప్పనిసరి చేయండి, నోడ్‌కి ఐదు నిమిషాలు కూడా పట్టదు. వందల సంఖ్యలో సెన్సర్లు కొనే ఆసుపత్రులు, ఫ్యాక్టరీలు కూడా "ఏఈఎస్ ఉందా" అని అడిగి ఆగిపోకుండా, ఒక నోడ్‌ని చేతిలోకి తీసుకుని, అమ్మేవాడి ముందే దాని బ్యాటరీ తీసి పెట్టి, ఇప్పుడు కౌంటర్ ఎంత ఉందో స్నిఫర్‌లో చూపించమని అడగాలి.

ఇట్లు,
ఒక ఎంబెడెడ్ ఇంజనీర్