ఆదివారం లాన్‌కి ఎరువు, అందరూ చూడండి

అందరికీ నమస్కారం.

ఈ ఆదివారం పొద్దున 7 గంటలకి, మన లేఅవుట్‌లో లాన్ ఉన్నవాళ్లందరం ఎరువు వేద్దాం. వానలు పడి మన బెంగళూరు ఎర్రమట్టి కాస్త మెత్తబడింది, ఇదే అదను.

వర్మీకంపోస్టు, వేపపిండి బస్తాలు శనివారం సాయంత్రం గేటు దగ్గర దిగుతాయి. ఎవరికెంత కావాలో శుక్రవారం రాత్రిలోపు ఇక్కడే రాయండి. 10 చదరపు అడుగులకి సుమారు 1 కేజీ వర్మీకంపోస్టు లెక్క. వేపపిండి గుప్పెడు చాలు.

శనివారమే గడ్డి కత్తిరించి, ఆకులు ఊడ్చేయండి. కంపోస్టు జల్లించి పలచగా చల్లి, చీపురుతో దువ్వితే గడ్డి మొదళ్లలోకి దిగుతుంది. గడ్డి కొసలు పైకి కనబడుతూనే ఉండాలి. వెంటనే నీళ్లు పెట్టాలి.

పచ్చి పేడ మాత్రం వద్దండీ! పోయినేడు నేను తెచ్చి పోశాను. పళ్లెమంత పళ్లెమంత పసుపు మచ్చలు, వాటి మధ్య కలుపు. "ఇది లాన్ కాదు, చిరుతపులి తోలు" అన్నారు మా అత్తగారు. బాగా చివికి, నల్లగా పొడిపొడిగా, మట్టి వాసన వచ్చే పేడైతే పర్లేదు.

యూరియా వేసినట్టు వారంలో పచ్చబడదు, కొన్ని వారాలు ఓపిక పట్టాలి.

జోరువాన వచ్చేలా ఉంటే వచ్చే ఆదివారానికి మారుస్తాం. లేదంటే డబ్బులిచ్చి కొన్నదంతా కాలవపాలే.

మర్చిపోవద్దు: జల్లెడ ఉన్నవాళ్లు తేవాలి, నా దగ్గర ఒక్కటే ఉంది. ఇసుక జల్లెడ అండీ, పిండి జల్లెడ కాదు!