స్లైడు లాగడం రాని ల్యాబ్ డిప్లొమాలు

సంపాదకులకు నమస్కారం.

ప్రభుత్వాసుపత్రి ల్యాబ్‌లో ముప్పై ఏళ్లు పనిచేసి పదవీ విరమణ చేశాక, ఇంటికి దగ్గర్లో ఉన్న ఒక ప్రైవేటు ల్యాబ్‌కు రోజూ ఉదయం రెండు మూడు గంటలు వెళ్లి వస్తున్నాను. మొన్నటి డెంగీ సీజన్‌లో అక్కడ జరిగిన ఒక సంగతి చెప్పకుండా మెడికల్ ల్యాబ్ టెక్నాలజీ చదువుల గురించి రాయడం నాకు సాధ్యం కాదు.

జ్వరం తగ్గి రెండు రోజులైన ఒక పిల్లవాడి రక్తాన్ని కణాలు లెక్కపెట్టే ఎనలైజర్ యంత్రంలో పెడితే ప్లేట్‌లెట్లు 18 వేలని వచ్చింది. డీఎంఎల్‌టీలో, అంటే మెడికల్ ల్యాబ్ టెక్నాలజీ డిప్లొమాలో, ఫస్ట్‌క్లాసు తెచ్చుకుని కొత్తగా చేరిన కుర్రాడు రిపోర్టు ప్రింటు తీయబోతున్నాడు. పిల్లవాడేమో బయట బెంచీ మీద కూర్చుని బిస్కెట్లు తింటున్నాడు. ఒంటి మీద ఒక్క ఎర్రమచ్చ లేదు. అనుమానం వచ్చి అదే రక్తంతో స్మియర్ లాగి, అంటే గాజు స్లైడు మీద పలచని పూతగా పరిచి, కణాలు కనబడేందుకు లీష్మన్ రంగు వేసి మైక్రోస్కోపులో చూస్తే, స్లైడు చివర్లో ప్లేట్‌లెట్లు గుంపులు గుంపులుగా అతుక్కుపోయి ఉన్నాయి. రక్తం గడ్డకట్టకుండా ఊదామూత ట్యూబులో వేసే ఈడీటీఏ అనే రసాయనం కొందరి రక్తంలో ఈ పని చేస్తుంది. ఆ గుంపులను యంత్రం ప్లేట్‌లెట్లుగా లెక్కపెట్టదు. నీలిమూత సిట్రేట్ ట్యూబులో మళ్లీ రక్తం తీసి, అందులోని ద్రవంతో పలచబడినందుకు 1.1తో హెచ్చవేస్తే లెక్క లక్షా అరవై వేలు దాటింది. మొదటి కాగితమే చేతికిచ్చి ఉంటే ఆ తల్లిదండ్రులు ప్లేట్‌లెట్ల ప్యాకెట్ కోసం రాత్రికి రాత్రి పట్నానికి పరుగెత్తేవారు.

కుర్రాడిని గట్టిగా మందలిద్దామనుకున్నాను. మర్నాడు తన ప్రాక్టికల్ రికార్డు తెచ్చి చూపించాక నోరు మెదపలేకపోయాను. స్మియర్ ఎలా లాగాలో, రంగు ఎన్ని నిమిషాలు ఉంచాలో రంగు పెన్సిళ్లతో బొమ్మలు వేసి మరీ ముత్యాల్లాంటి అక్షరాలతో రాశాడు, ప్రతి పేజీ కింద సంతకం కూడా ఉంది. రెండేళ్లలో సొంత చేత్తో ఎన్ని స్లైడులు లాగావని అడిగితే, కాస్త ఆలోచించి, నాలుగని చెప్పాడు.

మన తెలుగు రాష్ట్రాల్లో ఈ వృత్తిలోకి మూడు దారులున్నాయి: ఇంటర్ ఒకేషనల్‌లో ఎంఎల్‌టీ చదివి ఏడాది పాటు ఆసుపత్రిలో శిక్షణ పొందడం, పారామెడికల్ బోర్డు గుర్తించిన రెండేళ్ల డీఎంఎల్‌టీ, ఆపైన బీఎస్సీ ఎంఎల్‌టీ. కాగితం మీద మూడింటిలోనూ ఆసుపత్రి శిక్షణ ఉంది. అయితే సొంత ఆసుపత్రి లేని కళాశాలలు తమ విద్యార్థులను ఏదో ఒక ప్రభుత్వాసుపత్రికి పంపి చేతులు దులుపుకుంటాయి. నేను ఉద్యోగంలో ఉండగా ఒకే ల్యాబ్‌కు ఒకే నెలలో మూడు కళాశాలల పిల్లలు వచ్చిన రోజులున్నాయి. ఓపీ రద్దీలో మేం వారికి అప్పగించిన పని ఏమిటంటే ట్యూబులకు పేర్లు అతికించడం, వార్డుల నుంచి నమూనాలు మోసుకురావడం, కంప్యూటర్‌లో వివరాలు ఎక్కించడం. ఆ తప్పులో నాకూ వాటా ఉంది. హాజరు పట్టీలో మాత్రం అవన్నీ శిక్షణ గంటలే.

2021లో పార్లమెంటు ఆమోదించిన జాతీయ అనుబంధ, ఆరోగ్య సంరక్షణ వృత్తుల కమిషన్ చట్టం ల్యాబ్ వృత్తిని తన పరిధిలోకి తెచ్చింది. అనుబంధ ఆరోగ్య వృత్తి నిపుణుడిగా గుర్తింపు రావాలంటే చదువు కనీసం 2,000 గంటలు ఉండాలంది. దీన్ని అమలు చేయమని 2024 ఆగస్టులో సుప్రీంకోర్టు కేంద్రానికి, రాష్ట్రాలకు గడువు పెట్టాల్సి వచ్చింది. చట్టం మంచిదే కానీ, గంటలు లెక్కపెట్టినంత మాత్రాన పని వచ్చినట్టు కాదు. రక్తం తీసి గంటల తరబడి కణాలను వేరుచేయకుండా ఉంచితే అందులో షుగర్ పడిపోతుందని, సన్నని సూదితో బలంగా లాగితే కణాలు పగిలి పొటాషియం లేనిపోని ఎక్కువ చూపిస్తుందని పుస్తకంలో చదవడం వేరు, కణాలు పగిలి ఎర్రబారిన సీరం (రక్తం గడ్డకట్టాక పైన మిగిలే ద్రవం) చూసి ఇది పనికిరాదు, మళ్లీ రక్తం తీయాలని వార్డు నర్సుకు ధైర్యంగా చెప్పగలగడం వేరు.

కాబట్టి నేను కోరేది హాజరు పట్టీ స్థానంలో లాగ్‌బుక్. ఇన్ని స్లైడులు లాగాలి, ఇంతమందికి రక్తం తీయాలి, కంట్రోల్ (యంత్రం సరిగా ఉందో లేదో చూసేందుకు పెట్టే, ముందే ఫలితం తెలిసిన నమూనా) విలువ హద్దు దాటినప్పుడు కారణం వెతికిన సందర్భాలు ఇన్ని ఉండాలి అని సంఖ్య నిర్ణయించి, పక్కన నిలబడి చూసిన టెక్నీషియన్ చేతే సంతకం చేయించాలి. వైవా ప్రశ్నలతో సరిపెట్టకుండా, కళాశాలతో సంబంధం లేని పరీక్షకుడు తెలియని నమూనా ఒకటి చేతికిచ్చి పరీక్ష పెట్టాలి. పాఠం చెప్పేవారు కూడా కొంతకాలమైనా ల్యాబ్‌లో పనిచేసినవారై ఉండాలి. ఇక ఒక ఆసుపత్రికి రోజుకు వచ్చే నమూనాలను బట్టే అక్కడికి పంపే విద్యార్థుల సంఖ్యకు పరిమితి పెట్టడం రెండు రాష్ట్రాల పారామెడికల్ బోర్డులకు పెద్ద పనేమీ కాదు.

ఇవన్నీ ఒక్క ఏడాదిలో కావని తెలుసు. కనీసం వచ్చే ప్రవేశాల ప్రకటనలో ప్రతి కళాశాల పేరు పక్కన ఫీజుతో పాటు, పిల్లలకు శిక్షణ ఇచ్చే ఆసుపత్రి పేరు, అక్కడ ఒక్కసారికి ఎంతమందిని పంపుతారో ముద్రించాలని మీ పత్రిక ద్వారా బోర్డులను కోరుతున్నాను. ఆ ఆసుపత్రి గుమ్మం దాకా వెళ్లి ఒక పూట చూసిరావడం తల్లిదండ్రులకు కష్టం కాదు.

— ఒక విశ్రాంత ల్యాబ్ టెక్నీషియన్, కాకినాడ