చెదలకు మందు కన్నా ముందు తడి ఆపాలి

చెదలు కనిపించగానే ఇల్లంతా విషపు మందు కొట్టించే అలవాటు ఆగాలి. మా ఇంట్లో స్నానాల గది గుమ్మం వెంట మట్టి గీత పాకితే రెండుసార్లు స్ప్రే చేయించాం, రెండుసార్లూ కొన్ని నెలలకే తిరిగొచ్చింది. చివరికి ఆ గీతను గోటితో గీకి చూస్తే లోపల తెల్లటి పురుగులు, వేలికి తడి మట్టి. గోడలో పైపు కారుతోందని అప్పుడు తెలిసింది. లీకు బాగు చేయించి, నేలకు ఆనుకున్న చెక్కను కోయించాక మళ్లీ రాలేదు. పైపైన కొట్టిన మందుకు చచ్చేది శ్రామిక చెదలే; నేల అడుగున రాణి గుడ్లు పెడుతూనే ఉంటుంది. సుమారు 3,000 చెద జాతుల్లో ఇళ్లకూ పంటలకూ చేటు చేసేవి కొద్ది మాత్రమే. మిగతావి ఎండుటాకులు, పుల్లలు తిని మట్టిలో కలుపుతాయి, నేలను గుల్ల చేసి వాననీటిని ఇంకనిస్తాయి. వాటినీ కలిపి చంపడం ఎంత అన్యాయం! ఒకప్పుడు చెదలకు వాడిన క్లోర్డేన్, డీల్డ్రిన్ ఏళ్ల తరబడి మట్టిలో మిగిలిపోతాయి కాబట్టే ఇలాంటి మొండి విషాలను అరికట్టడానికి దేశాలు చేసుకున్న 2001 నాటి స్టాక్‌హోమ్ ఒప్పందం జాబితాకెక్కాయి. మందు కొట్టేవాళ్లు ముందుగా తడి ఎక్కడుందో చూసి, రాతపూర్వకంగా చెప్పాలన్న నిబంధన పెట్టాలి. అప్పటికీ తగ్గకపోతే, కుబుసం విడవకుండా అడ్డుకునే మందు కలిపిన ఎరలు వాడాలి. వాటిని శ్రామికులే పుట్టలోకి మోసుకెళ్తాయి. ఇల్లు కట్టేటప్పుడే చెక్క నేలకు తగలకుండా చూడటం తప్పనిసరి చేయాలి.