‘పుట్’ పెట్టే తిప్పలు

ప్రియ మిత్రమా,

నీ ఉత్తరం అందింది. కొత్త ఉద్యోగంలో ‘పుట్’ అన్న ఒక్క క్రియే నీ చేత మూడు చెరువుల నీళ్ళు తాగిస్తోందని చదివి, నవ్వు ఆపుకోలేకపోయాను.

‘పుట్ ఆఫ్’ అంటే వాయిదా వేయడమనీ, ‘పుట్ అప్ విత్’ అంటే ఓర్చుకోవడమనీ నీకు తెలుసు. చిక్కంతా ‘పుట్ డౌన్’ వంటి వాటితోనే: చేతిలోని సంచిని కింద పెట్టడం, నలుగురిలో ఒకరిని చులకన చేయడం, తిరుగుబాటును అణచివేయడం, కోలుకోలేని పెంపుడు కుక్కకు పశువైద్యుని చేత బాధ లేని మరణం కలిగించడం, అన్నింటికీ అదే మాట. కాబట్టి పక్కనున్న కర్మ ఏమిటో చూడకుండా అర్థం తేల్చకు.

ఇది ఇంగ్లీషువారి పైత్యమని విసుక్కునే ముందు మన ‘పడు’ను తలచుకో. నిలబడినవాడు ఎక్కడ పడ్డాడు? కనబడు, త్వరపడు, బయటపడు అన్నవాటిని తెలుగు నేర్చుకునే పరాయివాడికి ‘పడు’ అర్థం చెప్పి వివరించగలవా? మనం వాటిని విడగొట్టి నేర్చుకోలేదు. వాక్యాలతో పాటే వంటబట్టాయి.

మాటల వరుస మాత్రం శ్రద్ధగా గమనించు. ‘పుట్ ఆఫ్ ద మీటింగ్’ అన్నా, ‘పుట్ ద మీటింగ్ ఆఫ్’ అన్నా సరే కానీ, సర్వనామం వస్తే ‘పుట్ ఇట్ ఆఫ్’ అనే తీరాలి. ‘లుక్ ఆఫ్టర్’ అలా విడిపోదు. ‘లుక్ ఆఫ్టర్ ఇట్’ అనాలి. మీటింగును అనుకున్న సమయం కంటే ముందే పెడితే మనవాళ్ళతో ‘ప్రీపోన్’ అను, బయటివాళ్ళతో ‘బ్రింగ్ ఫార్వర్డ్’ అను.

నేను ఒకసారి అమెరికా సహోద్యోగికి, ఫలానా ఏడు కాలేజీలో ‘పాస్డ్ అవుట్’ అని రాస్తే, ఇప్పుడు ఆరోగ్యం కుదుటపడిందా అని ఆయన జాలిగా అడిగాడు. మనకది చదువు పూర్తి కావడం, ఆయనకు స్పృహ తప్పడం!

జాతీయాలకు ఇంత బాధ లేదు. ‘ఒన్స్ ఇన్ ఎ బ్లూ మూన్’ అంటే మన ‘అమావాస్యకో పున్నానికో’ వంటిదే. కాకపోతే ఒకే నెలలో రెండో పున్నమిగా వచ్చే వాళ్ళ నీలి చంద్రుడు సుమారు రెండున్నరేళ్ళకు ఒకసారి పలకరిస్తే, మనది పక్షానికొకసారి వస్తుంది. అరుదు విషయంలో మనమే కాస్త ఉదారులం.

చివర నువ్వు అడిగిన ‘పుట్ త్రూ’కు మాత్రం ఇప్పుడు జవాబు చెప్పలేను. మీ మేనేజరు నీకు ఫోను కలిపాడో, నిన్ను కష్టాల పాలు చేశాడో ఆ రెండు ముక్కలను బట్టి తెలియదు. వాక్యమంతా రాసి పంపు.

నీ
బాల్యమిత్రుడు